నిన్న ఎవరిమీద కోప్పడినారు?

చెన్నై పురసవాక్కంలో ఒక బట్టల షాపువాళ్ళు మొన్న నాకు చీర అమ్మేది లేదన్నారు. మామిడిపండు రంగు, ముదురాకుపచ్చ అంచు, ఎదురుగా అరలోనే ఉంది. చూపించమంటే అక్కడి అమ్మాయి మడత విప్పి చూపించింది కూడా. బాగుంది, బిల్లు వెయ్యమ్మా అనేసరికి మాత్రం మళ్ళీ మడతపెట్టేసింది. "అది ఇచ్చేదానికి లేదు మేడమ్. ఆ డిజైన్లో అదే ఆఖరిది" అంది.

ఆఖరిదైతే మరీ మంచిది, అరైనా ఖాళీ అవుతుంది కదా! అసలే నాకు పొద్దుటినుంచీ ఒళ్ళు మండిపోతోంది. మా కొత్త సాఫ్ట్‌వేర్ పెట్టుకుంటే మీ కంపెనీకి ఏమేం కలిసొస్తాయో చూడండి మహాప్రభో అని కొందరు పెద్దమనుషులకు మధ్యాహ్నందాకా తెరమీద బొమ్మలు చూపించి వచ్చాను. వాళ్ళు ఆ బొమ్మలు మాని తమ ఫోన్లు చూసుకున్నారు. చివర్లో ఒకాయన తలెత్తి, "అదంతా సరే, ఎంతమంది తగ్గుతారు?" అని ఒక్క ముక్క అడిగాడు. ఆ ముక్క విని విని నాకు విసుగొచ్చేసింది. ఇంటికి పోయేముందు ఒక చీర కొనుక్కుని మనసు మార్చుకుందామని వస్తే ఇక్కడ ఇదీ వరస. "అమ్మనిదాన్ని అరలో ఎందుకు పెట్టారమ్మా, దణ్ణం పెట్టుకోడానికా?" అని కాస్త గట్టిగానే అడిగాను.

అడిగాక గుర్తొచ్చింది. బోర్డు మార్చారు, మెట్లకు గ్రానైటు వేశారు, ముందంతా అద్దాలు బిగించారు కాబట్టి పోల్చుకోలేదు గానీ, ఈ షాపు నాకు తెలుసు. చాలా ఏళ్ళ కిందట ఇక్కడే, ఈ ఆఖరి చీర గొడవమీదే ఒక రోజంతా కూర్చున్నాను. నా పక్కన ఆయన కూర్చున్నారు, ఆఫీసులో నా సీనియరు.

ఆయన పేరు ఇక్కడ రాయను. పేరంటే నాకు ఆయన విజిటింగ్ కార్డు గుర్తొస్తుంది. పేరు కింద అచ్చువేసిన హోదా చూసి ఆయనకే నవ్వొచ్చేది. "బిజినెస్ వాల్యూ కన్సల్టెంట్ అంట! మా తాత కొత్వాల్ చావిడి బజార్లో చింతపండు అమ్మినాడంటే ఊరంతటికీ అర్థమయ్యె. నేనేం అమ్ముతా ఉండానో మా ఇంట్లో ఆడోళ్ళకి ఈపొద్దుటికీ తెలీదు అమ్మణ్ణీ" అనేవారు. తరతరాలుగా ఈ ఊళ్ళోనే ఉన్న తెలుగు వ్యాపారుల కుటుంబం వాళ్ళది. ఒంగోలునుంచి వచ్చిన నా తెలుగు రేడియో వార్తల్లా ఉందని ఎగతాళి చేసేవారు. ఆయన తెలుగులో సగం నాకు మొదట్లో అరవంలాగే వినిపించేది.

మా పనేమిటో చెప్పాలి. సాఫ్ట్‌వేర్ రాసేవాళ్ళు ఇంజనీర్లు, అమ్మేవాళ్ళు సేల్స్ వాళ్ళు. మేం ఆ ఇద్దరికీ మధ్యన ఉండేవాళ్ళం. "ఇంత పెట్టి ఇది కొంటే మాకేం ఒరుగుతుంది?" అని ముదలాళి అడుగుతాడు. ఈ ఊళ్ళో యజమానిని అరవవాళ్ళైనా తెలుగువాళ్ళైనా ముదలాళి అనే అంటారు. ఆయనకు ఏం ఒరుగుతుందో కళ్ళకు కట్టినట్టు చూపించడం మా పని. కొనకముందు ఒకసారి చూపించాలి, కొన్నాక ఏడాదికి మళ్ళీ వెళ్ళి, ఇదిగో ఒరిగింది అని ఇంకోసారి చూపించాలి. ఈ రెండోది చాలా కష్టం. అప్పటికి వాళ్ళకు కంప్యూటరు అలవాటైపోయి, అది లేనప్పుడు ఎలా ఉండేదో మరిచిపోయి ఉంటారు.

ఎవరైనా ఆ పనికి ల్యాప్‌టాప్ తెరుస్తారు. ఆయన ల్యాప్‌టాప్ సంచీలో మడత గొడుగు, టిఫిన్ డబ్బా, ఒక తువ్వాలు ఉండేవి. ల్యాప్‌టాప్ మాత్రం ఆఫీసులో ఉండేది. ఏ కంపెనీకి పోయినా తలుపు పక్కన కుర్చీలో కూర్చుని ముందు మంచినీళ్ళు అడిగేవారు. లోపలికి రమ్మన్నా వెంటనే లేచేవారు కాదు. ఆ నీళ్ళకోసం ఎవరు ఎవరిని కేకేస్తున్నారు, ఆ కేక విని వాళ్ళు ఇంకెవరిమీద విసుక్కుంటున్నారు, అదంతా చూస్తూ కూర్చునేవారు. గ్లాసు ఖాళీ చేసి, తువ్వాలుతో మూతి తుడుచుకుని, అప్పుడు లోపలికి వెళ్ళి ముదలాళిని ఒకే ప్రశ్న అడిగేవారు.

"నిన్న ఎవరిమీద కోప్పడినారు సార్?"

నేను మొదటిసారి విన్నప్పుడు సిగ్గుతో చచ్చిపోయాను. ఎవరో పెద్దింటి వ్యవహారంలో వేలు పెట్టినట్టనిపించింది. కానీ చిత్రమేమిటంటే, ఆయన అడిగితే జవాబు చెప్పనివాడు నాకింతవరకూ కనబడలేదు. మీ కంపెనీ సమస్యలేమిటండీ అంటే నీళ్ళు నమిలేవాళ్ళు, ఎవరిమీద కోప్పడ్డారంటే గడగడా చెప్పేసేవాళ్ళు. గోడౌనువాడి మీద, వాడు సరుకు లేదనడానికి పొద్దున వస్తానని సాయంత్రం వచ్చాడు, అని మొదలుపెట్టి తాతలనాటి కథదాకా పోయేవాళ్ళు. ఒకాయనైతే "మా ఆవిడమీద" అన్నాడు. ఈయన గంభీరంగా తలూపి, "దానికి మాకాడ సాఫ్ట్‌వేర్ లేదు సార్. దాని తర్వాత ఎవరిమీద?" అన్నారు.

ముదలాళి అయ్యాక గోడౌనువాడి దగ్గరికి పోయి అదే ప్రశ్న. వాడు చెప్పిన మనిషి దగ్గరికి పోయి మళ్ళీ అదే. మధ్యలో ఒక కాగితం మీద సున్నాలు చుట్టి, తిట్టినవాళ్ళ సున్నా నుంచి తిట్లు తిన్నవాళ్ళ సున్నాకు బాణం గీసేవారు. సాయంత్రానికి ఆ కాగితం ముళ్ళకంపలా తయారయ్యేది. "బాణాలు యాడ ఎక్కువ గుచ్చుకున్నాయో చూడు అమ్మణ్ణీ. కంప్యూటరుకు పని ఆడుండాది" అనేవారు. నేను రాత్రంతా కూర్చుని చేసుకొచ్చిన రంగురంగుల స్లైడ్లు అప్పుడు బయటికి తీస్తే, "మూసెయ్ తల్లీ, పాపం ముదలాళి కండ్లు అలిసిపోయినాయి" అని నవ్వించేసేవారు. నాకు మాత్రం ఏడుపొచ్చేది.

ఈ బట్టల షాపుకు మేం వచ్చింది అలాగే. అప్పుడే వాళ్ళు ఇంటర్నెట్‌లో చీరలు అమ్మడం మొదలుపెట్టారు. మా సాఫ్ట్‌వేర్ పెట్టుకున్నారు గానీ, గొడవలు తగ్గలేదు సరిగదా ఇంకా పెరిగాయి. తీసి పారేస్తాం అన్నాడు షాపు చూసుకునే కుర్రముదలాళి. ఎవరిమీద కోప్పడినారు అంటే కంప్యూటరు ముందు కూర్చునే ఆమె మీద అన్నాడు. ఆమె సేల్స్ వాళ్ళ మీద అంది. ఎక్కడెక్కడినుంచో ఫోన్లు చేసి చీర పంపించలేదేమని తిట్టేవాళ్ళ బాణాలు వేరే. సేల్స్ వాళ్ళను అడిగితే, మేం ఎవరిమీదా కోప్పడలేదు సార్, ఆఖరి చీర ఇయ్యం, అంతే, అన్నారు.

ఆ ఇంటి కట్టుబాటు అది. ఏ డిజైన్లోనైనా ఆఖరి చీర అమ్మరు. గల్లాపెట్టె దగ్గర కూర్చున్న పెద్దముదలాళి, అంటే ఆ కుర్రవాడి తండ్రి, చెప్పాడు. "అర ఒట్టిగా ఉంటే షాపు ముఖం బాగుండదు నాయినా. ఒకటి ఉంటేనే దానికి తోడు ఇంకోటి వస్తాది." ఆ మిగిలిన చీరలన్నీ ఆయుధపూజనాడు షాపులో పనిచేసే ఆడవాళ్ళకు పంచిపెడతారు. కంప్యూటరుకు ఇదంతా ఎవరు చెప్పారు? అది ఒక చీర కనబడగానే ఉందంటుంది, ఎక్కడో సేలంలో ఒకావిడ కొనేస్తుంది, ఇక్కడ వీళ్ళు ఇవ్వరు.

కొడుకు ఆ కట్టుబాటు ఎత్తేద్దామన్నాడు. మా ఇంజనీర్లూ అదే మాటన్నారు. ఈయన మాత్రం, "ఒకటి తగ్గించి చెప్పేది నేర్పించండి మీ కంప్యూటరుకి" అన్నారు. ఇంజనీరు పిల్లవాడికి చిర్రెత్తుకొచ్చింది. "అది తప్పు లెక్క సార్" అన్నాడు. "తప్పు లెక్క కాదప్పా, వాళ్ళింటి లెక్క" అన్నారు ఈయన. నేర్పించారు. ఫోన్లు ఆగిపోయాయి. పెద్దాయన మమ్మల్ని పిలిపించి, "మీ మెషినుకు మర్యాద తెలిసింది" అని ఇద్దరికీ తాంబూలం ఇచ్చాడు. ఈయన ఆ తమలపాకులు బస్సులో వేసుకుంటూ, ఇదీ అమ్మణ్ణీ వాల్యూ అంటే, అన్నారు. ఆయన అంత సంతోషంగా ఉండగా నేను చూసింది అదొక్కసారే అనుకుంటాను.

ఆ తర్వాతది అంబత్తూరు.

అంబత్తూరు ఇండస్ట్రియల్ ఎస్టేటులో పంపుల విడిభాగాలు పోతపోసే కంపెనీ ఒకటి మా క్లయింటు. యజమాని కూడా ఎప్పుడో ఇటు వచ్చి స్థిరపడిన తెలుగువాళ్ళలోనివాడే. సరుకు లారీల్లో ఎన్నూరు హార్బరుకు పోయి అక్కడ ఓడ ఎక్కాలి. హార్బరు దారి సంగతి తెలిసిందే కదా, లారీ ఆ రోడ్డెక్కిందంటే ఇక ఎప్పుడు తేలుతుందో ఎవరూ చెప్పలేరు. "లోడు యాడుండాది?" అనే ప్రశ్న పొద్దున్నుంచి సాయంత్రందాకా ఆ కంపెనీలో మోగుతూనే ఉండేది. ఆ ప్రశ్నకు జవాబు చెప్పడానికి డిస్పాచ్ సెక్షనులో ఒకావిడ ఉండేది. పేరు కస్తూరి. ఎన్నూరులోనే ఇల్లు, రెండు బస్సులు మారి వచ్చేది. చెవికొక ఫోను పెట్టుకుని ఒకదాంట్లో లారీ బ్రోకరుతో, ఇంకోదాంట్లో హార్బరు ఏజెంటుతో మాట్లాడుతూ ఉండేది.

మొదటిసారి పోయినప్పుడు ఆయన గీసిన కాగితం నాకిప్పటికీ కళ్ళముందుంది. బాణాలన్నీ కస్తూరి సున్నాలోకే. ముదలాళి ఆమెను తిడతాడు, సేల్స్ మేనేజరు తిడతాడు, స్టోర్సువాళ్ళు తిడతారు, సరుకు కొనే కంపెనీవాళ్ళు ఫోన్లో తిడతారు. ఆమె సున్నాలోంచి బయటికి వెళ్ళే బాణం ఒక్కటీ లేదు. "నువ్వు నిన్న ఎవరిమీద కోప్పడినావమ్మా?" అని ఈయన ఆమెనూ అడిగారు. "నాకు టైమేడుండాది సార్, కోప్పడేదానికి?" అంది ఆమె. అంటూనే మోగుతున్న ఫోను ఎత్తి, "ఆఁ సార్, తప్పు నాదే సార్" అంది. అప్పటికి అవతలివాడు ఏం తిట్టాడో కూడా వినలేదు.

దారిలో ఈయన ఆ కాగితం మళ్ళీ విప్పి చూసుకున్నారు. చివరికి, ఆ అమ్మిని ఆ తిట్లలోంచి బయటపడేస్తే చాలు, మనం తిన్న కూడుకి న్యాయం చేసినట్టు, అన్నారు. అదే పట్టుకుని కూర్చున్నారు. లారీలన్నింటికీ ఎక్కడుందో తెలిపే పెట్టె బిగించాలి, ఎవరి కంప్యూటరులో వాళ్ళకు లారీ కనబడాలి, హార్బరు గేటు దాటగానే అందరికీ మెసేజి పోవాలి. ఇంజనీర్ల వెంటపడి చేయించారు. అది పనిచేసింది. మామూలుగా కాదు, బ్రహ్మాండంగా పనిచేసింది.

ఏడాది తిరిగేసరికి మేం మళ్ళీ వెళ్ళి చూపించాల్సిన రోజు వచ్చింది. ఈసారి మామూలు చూపించడం కాదు. వాళ్ళు రెండో యూనిటు కడుతున్నారు, అక్కడా మా సాఫ్ట్‌వేరే పెట్టుకుంటే మా బ్రాంచి నిలబడుతుంది. లేకపోతే చెన్నై ఆఫీసు మూసేస్తామని హెడ్డాఫీసు చెప్పేసింది. హెడ్డాఫీసువాళ్ళు ఒక ఫార్మాటు పంపించేవాళ్ళు. అందులో ఒక గడి పేరు "తగ్గే మనుషులు." మా సాఫ్ట్‌వేర్ పెడితే ఎంతమందిని పనిలోంచి తీసెయ్యొచ్చో అందులో రాయాలి. ఆయన ఏనాడూ ఆ గడి నింపలేదు. వాళ్ళు ఫోన్ చేసి అరిస్తే, "నేను మిషను అమ్మేదానికి పోతా ఉండా సార్, మనుషుల్ని తీసేదానికి కాదు" అనేవారు. మాకందరికీ భయం వేసేది. ఉద్యోగం పోతే ఆయనకేం, రేపోమాపో రిటైరయ్యే మనిషి, మా సంగతేమిటి అని వెనకాల సణుక్కునేవాళ్ళం కూడా. ఆ గడి ఈసారీ ఖాళీయే. "నా పద్ధతిలో నేను చూపిస్తా, చూడండి" అన్నారు.

చూపించారు. మీటింగు గదిలో బోర్డు మీద పోయిన ఏడాది బాణాలన్నీ గీశారు. పక్కనే ఈ ఏడాదివి గీశారు. ఎడమవైపు కస్తూరి సున్నా బాణాలతో నల్లగా ఉంది. కుడివైపు శుభ్రంగా, ఖాళీగా ఉంది. "లోడు యాడుండాదని ఈ మధ్య కస్తూరమ్మను ఎవరూ అడగలేదు సార్. ఎవరూ కోప్పడలేదు. ఎవరికి వాళ్ళకి తెలిసిపోతా ఉండాది" అన్నారు. గొంతులో ఎంత గర్వమో! గదిలో అందరూ చప్పట్లు కొట్టారు. ఏదో కాగితం ఇవ్వడానికి వచ్చిన కస్తూరి గుమ్మం దగ్గర నిలబడి అది చూసి, సిగ్గుపడి కొంగు నోటికడ్డం పెట్టుకుంది.

ముదలాళి ఆ బోర్డు వైపు చాలాసేపు చూశాడు. చెడ్డవాడు కాదు, ఆ మాట చెప్పాలి. మెచ్చుకుంటూనే అడిగాడు.

"బాగుండాది సార్. రొంబ బాగుండాది. ఇప్పుడు ఆ అమ్మ ఏం చేస్తా ఉండాది?"

ఈయన చేతిలో మార్కరు అలాగే ఉంది. "అట్ల కాదు సార్, హార్బరు వాళ్ళతో పరిచయాలన్నీ ఆమెవే. రెండో యూనిటుకి పనికొస్తాది" అన్నారు. "రెండో యూనిటుకి కూడా మీ సిస్టమే పెడతా ఉండాం గదా సార్. ఇంగ ఆడ ఆ సీటు ఎందుకు?" అన్నాడు ముదలాళి. నవ్వుతూనే అన్నాడు. "ఇన్నాళ్ళు నాకు తోచనేలేదు, మీరు చూపించినారు కాబట్టి తెలిసింది" అని థాంక్స్ కూడా చెప్పాడు. గుమ్మం వైపు చూశాను. కస్తూరి అక్కడ లేదు. ఎప్పుడు వెళ్ళిపోయిందో, ఎంతవరకు విన్నదో నాకు తెలియలేదు.

రెండో యూనిటు ఆర్డరు వచ్చింది. మేం గేటు బయటికొచ్చి ఆటోకోసం నిలబడ్డాం. అంబత్తూరు దుమ్ము, ఎండ. ఆయన గొడుగు కూడా తెరవలేదు. "ఆ గడి ఒట్టిగా పెడితే చాలనుకుంటిని అమ్మణ్ణీ" అన్నారు. "సుమ్మా ఒట్టిగా పెడితే మనిషి మిగిలిపోతాదా? బొమ్మ గీసి నేనే చూపిస్తిని గదా, ఇదో ఈమె మీకు అక్కరలేదని." మీరు చూపించకపోయినా వాళ్ళే ఎప్పుడో కనిపెట్టేవాళ్ళు సార్, అన్నాను. నిజమే అన్నాను, ఇప్పటికీ అదే అంటాను. "కనిపెట్టుందురు. ఈపొద్దు చూపించింది నేను" అన్నారు. కొంతసేపయ్యాక, "ఆ షాపాయన ఒక చీరకిచ్చే మర్యాద నేను ఆ అమ్మికి ఇయ్యలేకపోయినానే" అన్నారు. ఆయన కళ్ళలో నీళ్ళు చూసి నేను రోడ్డు వైపు తిరిగిపోయాను.

ఆఫీసులో కేకు కోశారు. ఆయన తన ముక్కను కాగితం పళ్ళెంలో అలాగే వదిలేసి, నీళ్ళు తాగి వెళ్ళిపోయారు. హెడ్డాఫీసుకు మాత్రం ఆ బాణాల బొమ్మ తెగ నచ్చేసింది. దానికో ఇంగ్లీషు పేరు పెట్టి, రంగులు వేసి, అన్ని బ్రాంచీలకూ పంపించారు. "నిన్న మీరు ఎవరిపై కోపగించుకున్నారు? ఒకటినుంచి అయిదులోపు తీవ్రత తెలపండి" అని దానికొక ప్రశ్నాపత్రం కూడా తయారుచేశారు. కొత్తగా చేరిన పిల్లలు టై కట్టుకుని పోయి ఆ ప్రశ్న చదివి వినిపిస్తే ముదలాళులు జవాబు చెప్పడం మానేశారు.

ఆయన కూడా ఆ ప్రశ్న అడగడం మానేశారు. మీటింగులకు వచ్చేవారు, తలుపు దగ్గర కుర్చీలో కూర్చునేవారు, నీళ్ళు తాగేవారు. హెడ్డాఫీసు ఫార్మాటు ఏది ఇస్తే అది చూడకుండానే సంతకం పెట్టి ఇచ్చేసేవారు. ల్యాప్‌టాప్ కూడా మోసుకురావడం మొదలుపెట్టారు. అది చూస్తే నాకు దిగులేసేది. "సార్, అడగరేం?" అంటే, "అడిగితే చెప్తారు అమ్మణ్ణీ. అదే కష్టం" అనేవారు. రిటైరైననాడు శాలువా కప్పి, గోడగడియారం ఇచ్చి పంపించాం. వస్తాం సార్, కలుస్తాం సార్ అని అందరం అన్నాం. ఎవరు పోతారు? మా ఉద్యోగాల్లో పక్కకుర్చీ మనిషి మారినా ఒకోసారి వారందాకా తెలియదు. ఆయన బొమ్మను ఇప్పటికీ ట్రైనింగులో చూపిస్తారు. గీసిందెవరో ఎవరికీ తెలియదు.

ఇవన్నీ ఆ మామిడిపండు రంగు చీర ముందు నిలబడి తలుచుకుంటూ ఉండగా, పార్సిళ్ళ కౌంటరు వెనకనుంచి ఒకావిడ నన్నే చూస్తూ వచ్చింది. నా కేకలు విని వచ్చినట్టుంది. జుట్టు నెరిసింది. చేతిలో అంటించే టేపు. "మేడమ్, మీరు సార్‌తో అంబత్తూరు వస్తా ఉంటిరి గదా?" అంది.

కస్తూరి. ఇక్కడున్నావేంటమ్మా అన్నాను. ఆన్‌లైన్ పార్సిళ్ళన్నీ ఇప్పుడు తనే చూసుకుంటుందట. కింద నలుగురు ఆడపిల్లలు కూడా ఉన్నారట. "సార్ ఎలా ఉన్నారు, ఎప్పుడైనా కనబడ్డారా?" అని అడిగాను. ఆమె టేపు కౌంటరు మీద పెట్టింది. "సార్ పోయినారు మేడమ్. పోయిన వానల్లో. మీకెవురూ చెప్పలేదా?"

ఎవరూ చెప్పలేదు. ఆఫీసులో ఎవరికీ తెలిసి ఉండదు కూడా. నన్ను తలుపు పక్కన బెంచీ మీద కూర్చోబెట్టి, నీళ్ళు తెచ్చి ఇచ్చింది. "సార్ ఈడనే కూర్చుంటా ఉండె" అంది.

"నిన్నీ షాపులో చేర్పించింది ఆయనేనా?"

"ఆయనే. పని పోయిన మర్నాడు మా ఎన్నూరుకొచ్చినారు మేడమ్. లారీల దుమ్ములో నడుచుకుంటా, ఇల్లు వెతుక్కోని. వాకిట్లో నిలబడుకోనే చెప్పినారు. 'నీ పని పోయింది నా వల్లనమ్మా, నేను గీసినాను, వాళ్ళు చూసినారు' అని. నాకు అట్ల కోపమొచ్చింది చూడండి! ఆ కంపెనీలో అంతమంది నన్ను తిట్టిరి, ఎవుర్నీ ఒక్క మాటన్నదాన్ని కాదు. ఈయన్ని నిలబెట్టి తిట్టేసినాను. వీధి వీధంతా ఇనింది. కదల్లేదు మేడమ్ ఆయన. అంతా అయినాంక, 'కొంచెం నీళ్ళిస్తావా' అన్నారు. ఇచ్చినాను. తాగి, 'పురసవాక్కంలో మనకి తెలిసిన షాపొకటుండాది, నాతో వస్తావా' అన్నారు."

షాపుకు ఆయన ప్రతి శుక్రవారం వచ్చేవారట. రిటైరయ్యాక కూడా, కాళ్ళు వాచి మెట్లెక్కలేకపోతున్నప్పుడు కూడా. ఈ బెంచీమీద కూర్చుని, నీళ్ళు తాగి, తువ్వాలుతో మూతి తుడుచుకుని, కస్తూరిని పిలిచి అడిగేవారట, "నిన్న ఎవరిమీద కోప్పడినావమ్మా?" అని.

ఆయన ఆ ప్రశ్న మానేశారని నేను ఇన్నేళ్ళూ అనుకున్నాను. గ్లాసు బెంచీమీద పెట్టేశాను.

"నువ్వేమనేదానివి?"

"'మీమీదే సార్' అంటా ఉంటిని. ఫస్టులో నిజంగానే అంటిని మేడమ్. శానా దినాలు నిజంగానే కోపం. దాని తర్వాత పోయింది. ఈడ పని బాగుండాది, అందురూ మర్యాదగా ఉండారు, కోపం ఎందుకుంటాది? అయినా ఆయనొచ్చి అడిగేది, నేను అదే అనేది, ఒక ఆటలాగ అయిపోయింది. ఆయన 'సెరి సెరి' అని తలూపి, గొడుగు తీసుకోని పోతా ఉండె."

"చివరిసారి వచ్చినప్పుడు?"

కస్తూరి నా పక్కన బెంచీ మీద కూర్చుంది. కొంగు చివర వేలికి చుట్టుకుంటూ ఉంది.

"ఆ దినం కూడా అదే అంటిని. ఆన్‌లైన్ ఆర్డర్లు తలమీదికుండాయి, ఆయన ముఖం కూడా సరిగ్గా చూళ్ళేదు. 'మీమీదే సార్' అని చెప్పేసి పార్సిలు కట్టేదానికి పోతిని. మళ్ళ శుక్రవారం రాలేదు. ఆ మళ్ళ వారం కూడా రాలేదు. ముదలాళి ఫోన్ చేస్తే ఇంట్లోవాళ్ళు చెప్పినారు." నావైపు తిరిగింది. "మేడమ్, మీరు ఆయనతో అన్ని ఊర్లు తిరిగినోళ్ళు. నేను తమాషాకంటా ఉండానని ఆయనకి తెలిసే ఉంటాది గదా?"

"తెలుసమ్మా" అన్నాను. "ఆయనకు బాగా తెలుసు."

ఋజువు లేకుండా ఎన్నో కంపెనీల ముందు ఎన్నో మాటలు చెప్పి బతికినదాన్ని. ఇంత గట్టిగా మాత్రం ఎప్పుడూ ఏదీ చెప్పలేదు.